బండ మీద మిగిలిన రాయి

తేనెబండ కోన గురించి ఆ నెలాఖరులోపు నేను చేయాల్సిన పనులు ఇవి:

రోడ్డు నుంచి మడుగు దాకా నడిచి దూరం కొలవడం.
మడుగు లోతు ఊరివాళ్లను అడిగి రాసుకోవడం.
ఒక్క మనిషి కూడా కనపడకుండా పది ఫోటోలు తీయడం.
ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకునేందుకు తడికలతో మరుగు కట్టించడం.
దారి చూపడానికి ఊరి మనిషిని ఒకరిని ఒప్పించడం.
ఆ చోటికున్న ఆచారమో నమ్మకమో కనుక్కుని బోర్డు కోసం మూడు వాక్యాలు తయారుచేయడం.

ఆరు పనులూ గడువులోపే చేశాను. ఆఖరి పని వల్ల ఒక మనిషి చనిపోయాడు. అది ఎలా జరిగిందో జరిగినట్టు చెబుతాను.

నా పేరు మునిచంద్ర. మా కాలనీలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీల నుంచి కాయలు దించుతాడు. తిరుపతిలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన చెప్పింది ఒక్కటే, పెద్దోళ్లు చెప్పిన పని ఎగ్గొట్టొద్దని. ఎగ్గొట్టలేదు.

మా యజమాని గంగాధరం గారి ఆలోచనలో తప్పేమీ లేదు. కొండ మీద దర్శనం అయిపోయినవాళ్లు క్యూలో ఒకరి వీపు ఒకరు చూసి విసిగిపోయి ఉంటారు. రైలు సాయంత్రానికి ఉంటుంది. ఆ మధ్యలో వాళ్లను జనం లేని చోటికి తీసుకుపోవాలి. తలకోనకూ కైలాసకోనకూ అందరూ పోతున్నారు, ఇంకెక్కడైనా ఉందా అని ఆయన అడిగారు. పుత్తూరు దాటాక మా ఊరి వెనక కొండలో ఉన్న తేనెబండ కోన పేరు నేనే చెప్పాను.

దారి చూపడానికి ఓబయ్యను అడిగాను. ఓబయ్య యానాది. కొండచరియల్లో తేనె తీసేవాడు. ఆ కోనలో ఆయన కాలు పెట్టని చోటు లేదు. చిన్నప్పటి నుంచి నేను ఆయన్ని మామా అనే పిలిచేవాణ్ణి.

"కొండను సూసేదానికి కార్లేసుకొని వస్తారా? వాళ్లూర్లో కొండల్లేవా అల్లుడా?" అన్నాడు.

"ఉండాయి మామా. ఆడ జనం ఎక్కువ."

"అందురూ ఈడికొచ్చేస్తే ఈడా జనమే గదప్పా."

నేను నవ్వాను. ఆయనా నవ్వి, సరే పోదాం పద అని లేచాడు.

కోన మొదట్లో, రెండు గట్లూ దగ్గరికి వచ్చేచోట, నడుమెత్తు బండ ఒకటి ఉంది. ఓబయ్య వాగులోంచి పిడికెడంత రాయి తీసి ఆ బండ మీద పెట్టాడు. నన్నూ ఒకటి పెట్టమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఎవరి రాయి వాళ్లం తీసి వాగులో పారేశాం. ఎందుకని అడిగాను.

"లోపలికి పోతే ఆకాశం కనపడదు. పైన కొండ మీద వాన కురిస్తే ఈడోడికి తెలీదు. నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి. అందుకని అందురికన్నా కడాగా బయటికి వచ్చినోడు బండను సూస్తాడు. రాయి ఉంటే లోపల మనిషి ఉండాడని. రాయిని సూసినోడు ఇంటికి పోగూడదు. మా తాత కాలం నుంచి అదే మాట."

ఓబయ్య వాళ్ల అమ్మను అలాగే బయటికి తెచ్చారట. పుల్లలకు పోయి కాలు మడతపడి లోపల పడి ఉంటే, పైన పోతున్న గొర్రెలాయన బండ మీద రాయి చూసి వెనక్కి దిగాడట.

నేను దాన్ని ఉన్నదున్నట్టు రాసి ఆఫీసులో ఇచ్చాను. గంగాధరం గారు చదివి కాగితం నా వైపు తోశారు. వరద అనీ మునిగిపోవడం అనీ రాస్తే పిల్లల్ని తీసుకుని ఎవరొస్తారని అడిగారు. చదివే మనిషికి ఆశ కలిగేలా ఏదైనా ఉండాలన్నారు. ఆ సాయంత్రం కూర్చుని మళ్లీ రాశాను: 'కోనలోకి వచ్చినవారు ఈ బండ మీద ఒక రాయి పెట్టి మనసులోని కోరిక చెప్పుకుంటారు. రాయి నిలిస్తే కోరిక తీరుతుందని ఇక్కడి గిరిజనుల నమ్మకం. మీరూ ఒకటి పెట్టండి.'

సార్ దాన్ని ఆఫీసులో అందరి ముందూ చదివి వినిపించారు. నా భుజం తట్టారు. ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉండింది. దాచుకోవడం ఎందుకు.

జనం రావడం మొదలైంది. మొదట శని, ఆదివారాలు, తర్వాత రోజూ. మద్రాసు నుంచి బైకుల మీద వచ్చేవాళ్లు మా ఆఫీసుతో పని లేకుండా నేరుగా వచ్చేవాళ్లు. బండ మీద రాళ్లు గోపురాల్లా లేచాయి. వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. పెట్టిన రాయి ఎవరూ తీసేవాళ్లు కాదు.

ఓబయ్యకు ఇది అర్థం కాలేదు. పొద్దున్నే వచ్చి బండను ఖాళీ చేసేవాడు. సాయంత్రం అందరూ పోయాక మిగిలిన రాళ్లను చూసి, ఇన్ని రాళ్లుండాయే అని మళ్లీ మడుగు దాకా పోయి కేకలేసి వచ్చేవాడు. ఆయన భార్య చెంగమ్మ ఒకసారి మా ఇంటికి వచ్చి, మొగుడు రోజూ అన్నం పొద్దుకు రాడం లేదనీ, మోకాళ్లు వాచిపోయినాయనీ చెప్పింది. చేను తొక్కే అడవిపందిని మేపినట్టు ఈ పట్నమోళ్లను మేపుతాండావని నన్ను దెప్పిపొడిచింది.

ఆయనకు చదువు రాదు. ఒకరోజు బండ పక్కన మేం నాటిన బోర్డు ముందు నిలబడి అడిగాడు.

"దీంట్లో ఏం రాసినావప్పా?"

"రాయి పెట్టమని మామా."

"తియ్యమని?"

"అదీ రాసినాను."

"మరెందుకు తియ్యరు? సదువుకున్నోళ్లే గదా."

"నేను చెప్తాలే మామా" అన్నాను.

నిజం చెప్పడానికి సిగ్గేసింది. ఆయన తాతల మాటను నేను ఏం చేశానో ఆయన మొహం చూస్తూ చెప్పలేకపోయాను. ఆఫీసులో మాత్రం బోర్డు మార్చుదాం సార్ అని రెండుసార్లు అడిగాను. అందరికీ అదే నచ్చుతోంది, వానలు తగ్గాక చూద్దాం అన్నారు. పెద్దోళ్లు చెప్పారు కదా అని ఊరుకున్నాను.

అక్టోబరు ఆఖరి ఆదివారం పదకొండు మందిని తీసుకుపోయాం. వానల రోజులని బైకులవాళ్లెవరూ రాలేదు. మూడు గంటలప్పుడు ఓబయ్య ముక్కు ఎగబీల్చి, పైన వాన పడతాండాది, లేవండి లేవండని అందరినీ తొందర పెట్టాడు. చెప్పులు వెతుక్కునేవాళ్లనూ, ఇంకొక్క ఫోటో అనేవాళ్లనూ గదమాయించి బయటికి తోలాడు. వాళ్ల రాళ్లు నేనే దగ్గరుండి తీయించాను. పదకొండు పేర్లకూ టిక్కు పెట్టాను. అందరం దారిమీదికి ఎక్కాం.

ఓబయ్య వెనక్కి తిరిగి చూశాడు. బండ మీద ఒక రాయి ఉంది.

"అందురూ వచ్చేసినారు మామా. పేర్లు సూసినా" అన్నాను.

"మనోళ్లు వచ్చినారు. ఇంకెవురో ఉండారు. మేకల పిలకాయేమో."

"ఎవురో ఊరికే పెట్టుంటార్లే."

"ఊరికే ఎవురు పెడతారప్పా?"

అప్పుడు చెప్పాల్సింది. బోర్డు మీద ఉన్నది చదివితే చాలు. పదకొండు మంది ముందు, నేను నీకు అబద్ధం చెప్పినాను మామా అనాలి. పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన తువ్వాలు నడుముకు బిగించి, ఓయ్, ఎవురా లోపల అని కేకేస్తూ దిగిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక, మా గుంపులో నెల్లూరు నుంచి వచ్చిన ఒకామె, ఆయన ఎక్కడికి పోతున్నాడని అడిగింది. చెప్పాను. ఆమె మొహం మారిపోయింది.

"ఆ రాయి నాదేనయ్యా. మీరు తీయమంటే ఒకటి తీశాను. మా అమ్మాయికి సీటు రావాలని మళ్లీ పెట్టాను. బోర్డులో అలాగే ఉంది కదా."

నేను పరిగెత్తాను. బండ దాకా పోయి మామా, ఎవురూ లేరు, వచ్చేయ్ అని అరిచాను. లోపలి నుంచి ఆయన కేక వినిపించింది. ఆయన నన్ను పిలవడం లేదు, లేని మనిషిని పిలుస్తున్నాడు. మళ్లీ అరిచాను. ఆలోపే లారీలు వరసగా వస్తున్నట్టు మోత మొదలైంది. గట్టు మీదికి ఎక్కేలోపు ఎర్రనీళ్లు బండను కప్పేశాయి. నీళ్ల మీద తడికలు కొట్టుకొచ్చాయి.

నాలుగో రోజు చెరకు తోటల దగ్గర దొరికాడు.

పోలీస్ స్టేషన్లో ఆయన లోపలికి ఎందుకు పోయాడని అడిగారు. గంగాధరం గారు నాకంటే ముందే, తేనె కోసం సార్, ఎప్పుడూ పోతుంటాడు, మా ఆఫీసు మనిషి కాదు అన్నారు. కాగితం మీద అలాగే రాశారు. సంతకం పెట్టమంటే నేను పెట్టాను. పేపర్లో మూడు లైన్లు వచ్చింది, తేనె కోసం వెళ్లి వాగులో కొట్టుకుపోయిన వ్యక్తి అని. పేరు కూడా ఓబులేసు అని వేశారు.

కర్మలు అయ్యాక చెంగమ్మ దగ్గరికి పోయి బోర్డు సంగతీ, అబద్ధం సంగతీ అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూనే అడిగింది.

"అయితే లోపల ఎవురూ లేరా?"

"లేరత్తా."

"ఎవురన్నా ఒకరు ఉండింటే బాగుండు" అంది. ఆ తర్వాత ఎప్పుడూ నాతో మాట్లాడలేదు.

కాగితం మార్చి రాయమని మళ్లీ స్టేషన్‌కు పోయాను. ఫైలు మూసేశామన్నారు. ఆఫీసులో ఉద్యోగం మానేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. నా చోట్లోకి ఇంకొకతను వచ్చాడు. పలమనేరు వైపు ఇంకో కోన దొరికిందని విన్నాను. అక్కడా జనం ఉండరట.

ఓబయ్యకు ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఉన్నది మసక. నేను తీసిన పది ఫోటోల్లోనూ ఆయన్ని పక్కకు జరగమన్నాను. అందుకని చదివేవాళ్లను ఒక్కటి అడుగుతున్నాను. ఆయన పేరు ఓబయ్య, ఓబులేసు కాదు. తేనె కోసం పోలేదు. లోపల ఎవరో మనిషి ఉన్నాడనుకుని పోయాడు. దయచేసి ఆయన్ని అలా గుర్తుపెట్టుకోండి.