బంతి దాకా తిట్లు

మా అమ్మ సిటీ బస్సు నడుపుతుంది, సెలవు రోజున గోల్ఫ్ ఆడుతుంది. రెండింటిలోనూ ఆమెకు ఎదురు లేదు గానీ నోటికి మాత్రం బ్రేకులు లేవు. అందుకే తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. షాట్ చెడితే ఎంతైనా తిట్టుకోవచ్చు, కానీ బంతి దగ్గరికి నడిచి చేరేదాకానే. చేరాక ఒక్క ముక్క మాట్లాడకూడదు. బంతి దగ్గర్లోనే పడిందంటే పాపం హడావుడిగా తిట్టుకోవాల్సి వచ్చేది.

ఇంట్లోనూ ఇదే చట్టం. నా లెక్కల మార్కులు చూసి వంటగదిలో తిట్లు అందుకునేది. నా బల్ల దగ్గరికి రాగానే టక్కున ఆపి, "ఊఁ, ఎక్కడ తప్పు చేశావో చూపించు" అనేది. మా ఇల్లు చిన్నది కావడం నా అదృష్టం.

నాకు పదకొండేళ్లప్పుడు అమ్మ పట్టణ పోటీల్లో ఆఖరి రోజుకు చేరింది. కప్పు ఇంకా రానేలేదు, దాని కోసం అలమరలో ఒక అర ఖాళీ చేసి పెట్టేసింది. అక్కడున్న నాన్న షేవింగ్ సామాను కిటికీ ఎక్కింది. బ్యాగు సర్దడం, మోయడం నా పని. ఆట నిబంధన ప్రకారం అందులో క్లబ్బులు, అంటే బంతి కొట్టే కర్రలు, పద్నాలుగుకు మించి ఉండకూడదు.

"లెక్కపెట్టావా?" అంది అమ్మ బయల్దేరేముందు.

"పెట్టేశా" అన్నాను లేసులు కట్టుకుంటూ. పెట్టలేదు.

ఆరో గుంత దగ్గర బ్యాగులో చెయ్యి పెడితే నా పొట్టి క్లబ్బు తగిలింది. ముందురోజు నేను ఆడుకుని అందులోనే పడేశాను. గబగబా లెక్కపెట్టాను. పదిహేను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చెబితే నాలుగు షాట్ల జరిమానా. తక్కువ షాట్లలో ముగించినవాళ్లదే గెలుపు, అమ్మేమో మూడు షాట్లే ముందుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అమ్మతో పోటీ పడుతున్న పళ్ల డాక్టరుగారికి తన బంతి వెతుక్కోవడానికే టైము చాలడం లేదు. నోరు కుట్టేసుకుని నడిచాను.

తొమ్మిదో గుంతకు అమ్మ బ్రహ్మాండమైన షాట్ కొట్టింది. నా తల నిమిరి, "నువ్వుండబట్టి బ్యాగు గురించి ఆలోచించే పనే లేకుండా పోయిందే ఇవాళ" అంది.

ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మా, నేను లెక్కపెట్టలేదు. పదిహేనున్నాయి. ఆరో గుంత దగ్గరే చూశా."

అమ్మ బ్యాగులోకి తొంగి చూసింది. తరవాత డాక్టరుగారిని పిలిచి సంగతి చెప్పింది.

"పోనీలెండి, చిన్నపిల్ల. నేను చూడలేదనుకుంటాను" అన్నారావిడ.

"నేను చూశానుగా" అంది అమ్మ. నా పొట్టి క్లబ్బును బ్యాగులో తలకిందులుగా దించి, ఇక దాన్ని వాడనని చెప్పింది. స్కోరు కార్డు మీద జరిమానా రాయించుకుంది.

ఆ తరవాత మొదలైంది. బంతి ఎక్కడో ఉంది. అంత దూరం కొట్టినందుకు అమ్మ మీద నాకు కోపం వచ్చింది కూడా.

"కర్ర ఎక్కువైనందుకు నాలుగు షాట్లు పోయాయి, సరే. 'పెట్టేశా' అన్నావే, దానికెన్ని షాట్లే? చెప్పు! మూడు గుంతల పాటు నా పక్కనే నడుస్తూ..."

బంతి దగ్గరికి చేరాం. మాట సగంలోనే ఆగిపోయింది. అమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుని చెయ్యి చాపింది. "ఏదిస్తావ్?"

ఒక క్లబ్బు తీసిచ్చాను. దాంతోనే కొట్టింది.

అమ్మ రెండు షాట్ల తేడాతో ఓడిపోయింది. నాలుగులోంచి రెండు తీసేయడం నాకు కూడా వచ్చు.

ఇంటికి వెళ్లే బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కళ్లు తడిగా ఉన్నాయి. నాకు చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది.

"తిట్టమ్మా" అన్నాను.

"బంతి దాటి ఎంత దూరం వచ్చేశామే!" అంది ముక్కు తుడుచుకుంటూ.

ఆ రాత్రే నాన్న షేవింగ్ సామాను అలమరలోకి తిరిగొచ్చింది. ఇక ఆ బ్యాగు నా చేతికి రాదనుకున్నాను.

తరవాతి సెలవు రోజున అమ్మ దాన్ని తెచ్చి నా మంచం పక్కన పెట్టి, "సర్దు" అంది. క్లబ్బులన్నీ బయటికి తీసి, ఒక్కోటీ లోపల పెడుతూ నాలుగుసార్లు లెక్కపెట్టాను.

"లెక్కపెట్టావా?" అంది గుమ్మంలోంచి.

"పెట్టా. పద్నాలుగు."

"పద" అంది అమ్మ. బ్యాగు వైపు చూడనైనా చూడకుండా గేటు దాటింది.