లోవెల్ అరలో పిడికిళ్ళు

మా హార్లాన్ క్రీక్‌లో పిస్తోలు పిడి చేతికి ఒదగకపోతే జనం నా షెడ్డుకే వస్తారు. ఫ్యాక్టరీవాళ్ళు లోకంలో ఉన్న చేతులన్నిటికీ కలిపి ఒకే అచ్చులో ప్లాస్టిక్ పోసి పంపేస్తారు. ఒకరికి వెనక బొడిపె ఒత్తుకుంటుంది, ఇంకొకరికి వేలు ట్రిగ్గర్‌కి అందదు. నేను ఆ బొడిపెని ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, ఆపైన సోల్డరింగ్ ఐరన్ మొనతో చుక్క పక్కన చుక్క కాల్చుకుంటూ పోతాను. చెమట పట్టినా జారని గరుకు వస్తుంది. నా చుక్కలు గుండ్రంగా, ఒత్తుగా ఉంటాయి. మా ఆదివారం పోటీల్లో ఎవరి పిస్తోలు చూసినా అది ఓర్విల్ పనో కాదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

అలాంటిది నా సొంత పెళ్ళాం పిస్తోలు మీద ఇంకొకడి పని చూశాను. అదీ ఊరందరి ముందు.

కంకర గొయ్యిలో పోటీ జరుగుతోంది. మా ఆవిడ మార్లిస్ వంతు వచ్చింది. ఒరలోంచి పిస్తోలు తీసింది. పిడి మీద నా చుక్కలు లేవు. చేప పొలుసుల్లా సన్నటి గీతలు, ఒకదాని మీదికి ఒకటి వాలి ఉన్నాయి. స్కోరు పలక పట్టుకుని గస్ బ్యూలర్ నా పక్కనే ఉన్నాడు. ఎక్కడ కాస్త పొగ లేచినా కిరోసిన్ డబ్బాతో హాజరయ్యే రకం వాడు.

"ఏరా ఓర్వ్, ఇంత సన్న పని నీకెప్పుడు పట్టుబడిందిరా?"

"నాది కాదు."

"అయ్యయ్యో! మరెవరిది?"

వాడికి తెలుసు. ఎవరిదో తెలిసే అడుగుతున్నాడని వాడి మొహమే చెబుతోంది.

మార్లిస్ ఇనప పలకల్ని టకటకా పడగొట్టేసింది. ఒక్కటీ నిలవలేదు. ఆవిడ అంత బాగా కాల్చడం నేనెప్పుడూ చూడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే బాగుండదని నేనూ కొట్టాను. అప్పుడే ఇంకో సంగతి కంటబడింది. పోటీకి ముందు మధ్యవేలికి టేపు చుట్టుకోవడం మార్లిస్‌కి ఏళ్ళ నాటి అలవాటు. అది ఆవిడకి అచ్చొచ్చిన అలవాటని నేననుకునేవాణ్ణి. ప్రతి క్రిస్మస్‌కీ మేజోడులో రంగురంగుల టేపు చుట్టలు పెట్టి ఇచ్చేవాణ్ణి కూడా. ఆ రోజు ఆ వేలు బోసిగా ఉంది. చూశాను గాని, అప్పుడు నాకు వేలి మీద ధ్యాస ఎక్కడిది? నా ధ్యాసంతా ఆ గీతల మీదే ఉంది.

ట్రక్కు ఎక్కగానే అడిగాను. "ఎవడు చేశాడు?"

"లోవెల్."

"ఏ లోవెల్?"

"ఊళ్ళో ఎంతమంది లోవెల్‌లు ఉన్నారేంటి? డాక్టర్ లోవెల్."

లోవెల్ ఆముండ్‌సన్ పళ్ళ డాక్టరు. పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. భార్య పోయింది. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఈ మధ్య కాలక్షేపానికి గ్యారేజీలో పిడులు చెక్కుతున్నాడట, అక్కడ కూడా ఇస్త్రీ చొక్కాతోనే తిరుగుతాడు. చర్చి ఆడవాళ్ళంతా పాపం ఒంటరివాడని వంతులు వేసుకుని ఆయనకి మాంసం, దుంపలు కలిపి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ పంపుతారు. ఒంటరివాడట! మూడు ఊళ్ళ వంటలు తింటున్నాడు. ఒకప్పుడు నా దవడపన్ను పీకింది ఈయనే. ఇప్పుడు నా కాపురంలో వేలు పెట్టాడు.

"ఇంట్లో నేనుండగా అతని దగ్గరికి ఎందుకెళ్ళావు?"

"నువ్వు చేసిన పిడి నేనేం పారెయ్యలేదులే. ఊడదీసి బీరువాలో భద్రంగా పెట్టా. వేరేది కొని ఆయనకిచ్చా."

"నేనడిగింది అది కాదు."

"మామూలుగా అడుగు, చెబుతా. అరిస్తే చెప్పను."

అరవకుండా అడగడం ఆ రోజు నావల్ల కాలేదు. 

ఆ పిడి చాలా ఏళ్ళ కిందట ఆవిడ పుట్టినరోజుకి నేనిచ్చిన కానుక. ముందుగా తెలియకూడదని దొంగచాటుగా చేశాను. కొలతలు తీసుకోలేదు. ఇన్నేళ్ళుగా పట్టుకున్న చేతికి కొలతలేంటి? కళ్ళు మూసుకుని పిడి పట్టుకున్నాను. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త తీశాను. మళ్ళీ పట్టుకుని చూశాను. ఎక్కడా తగలకుండా గుప్పిట్లో ఒదిగిపోయింది. మార్లిస్ దాన్ని చూసి నా మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. ఇప్పుడు దాన్ని బీరువాలో పెట్టానంటోంది!

సాయంత్రం బల్ల మీద హాట్‌డిష్ పొగలు కక్కుతోంది. నాకు సహించలేదు. మార్లిస్ గురువారాలు దుప్పట్లు కుట్టడానికని చర్చికి వెళ్ళి ఈ మధ్య ఆలస్యంగా వస్తున్నది గుర్తొచ్చింది. ఈ పని ఎలా చేస్తారో నాకు తెలియదా? చెయ్యి పట్టుకోకుండా అయ్యే పని కాదిది. ఒక్కో వేలూ సర్దాలి, బొటనవేలి సందు తడిమి చూడాలి. వాడు సర్దాడు, వాడు తడిమాడు. 

మర్నాడు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా లోవెల్ గ్యారేజీకి వెళ్ళాను. మధ్యలో ఆయన పాత పళ్ళ కుర్చీ వేసి ఉంది, పక్కన పళ్ళు తొలిచే మర. దాంతోనే ఆ పొలుసులు చెక్కుతున్నాడన్న మాట. మార్లిస్ ఆ కుర్చీలోనే కూర్చుని ఉంటుంది.

"రా ఓర్విల్, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు డాక్టరూ."

అప్పుడు చూశాను. గోడ మీది అరలో తెల్లటి పిడికిళ్ళు వరసగా ఉన్నాయి. పళ్ళకి అచ్చు తీసే ముద్దలో చేతులు పెట్టించి, ప్లాస్టర్‌తో పోత పోసి పెట్టుకున్నాడు.

"మా ఆవిడది ఇందులో ఉందా?"

"ఉంది."

"పట్టుకెళ్తున్నా. మా ఆవిడ చెయ్యి ఇంకొకళ్ళ అరలో ఉండటానికి వీల్లేదు."

"పట్టుకెళ్ళు. నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

పోట్లాడితే నాకు సుఖంగా ఉండేది. వాడు పోట్లాడడు. విసురుగా అర దగ్గరికి వెళ్ళాను. వాటి మీద పేర్లు లేవు. రెండు లావుపాటివి, మగవాళ్ళవి, వదిలేశాను. మూడు మిగిలాయి. మూడూ ఆడవాళ్ళవే. వెనక లోవెల్ నిలబడి ఉన్నాడు. ఎక్కువసేపు ఆలోచిస్తే బాగుండదు. మధ్యలో ఉన్నది సన్నగా, అందంగా ఉంది. తీసి చంకలో పెట్టుకున్నాను.

లోవెల్ కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది పోస్టాఫీసు వెర్నాది, ఓర్విల్."

దాన్ని తిరిగి అరలో పెట్టేశాను. "ఆడవాళ్ళ చేతులన్నీ ఒకలాగే ఉంటాయి," అన్నాను.

ఆయన చివర ఉన్న పిడికిలి తీసి నా చేతిలో పెట్టాడు. మార్లిస్ చెయ్యి అంత చిన్నదా? మధ్యవేలి కణుపు పక్కన బఠాణీ గింజంత బుడిపె ఉంది.

"ఇదేంటి, పోత సరిగ్గా రాలేదా?"

"పోత బాగానే వచ్చింది. అక్కడ కాయ కాసింది. నువ్వు చేసిన పిడి పట్టుకుంటే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ కింది మూల సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. నీ వేళ్ళు లావు, నీకు తగలదు."

"మరి నాతో ఒక్క ముక్క అనలేదే!"

"నాతోనూ అనలేదు. పిడి గరుకు తగ్గిపోయిందంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని నా దగ్గరికి వచ్చింది, అంతే. నేనే అడిగాను. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ముందు ఎక్కడ నొప్పి అని అడగడం నాకు అలవాటు."

"ఏమంది?"

"వద్దులెండి, టేపు వేసుకుంటే సరిపోతుంది, మా ఆయన అంత ముచ్చటపడి చేశాడు, అంది. నేనే పట్టుబట్టి వేరేది తెమ్మన్నా."

ఆ మాటకి నేను కరిగిపోయానని మీరనుకుంటారేమో. లేదు. ఇంకా మండింది. నా గురించి అంత మంచి మాట నాతో అనకుండా వాడితో అంది. టేపు చుట్టలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎర్రది, నీలంది, నక్షత్రాల బొమ్మలున్నది. ప్రతి ఏడూ మేజోడులోంచి తీసి, "భలే, నీకెలా గుర్తుంటుందో!" అని నవ్వేది. ఆ పిడికిలి తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మార్లిస్ వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతోంది. పిడికిలిని బల్ల మీద పెట్టాను.

"దీన్నెందుకు తెచ్చావు?"

"అక్కడ ఉండకూడదు కాబట్టి."

"నయం, ఆయన్ని కూడా పట్టుకు రాలేదు."

నవ్వు రాలేదు నాకు. ఎదురుగా కూర్చుని, "చెయ్యి ఇలా ఇవ్వు," అన్నాను. ఆవిడ కత్తి పక్కన పెట్టి, ఏప్రన్‌కి తుడుచుకుని చెయ్యి చాపింది. కిటికీ వెలుగులో తిప్పి చూశాను. కాయ మెత్తబడిపోతోంది. దాని చుట్టూ లేత చర్మం గులాబీ రంగులో వస్తోంది. కొన్నాళ్ళు పోతే అక్కడ కాయ ఉండేదని కూడా ఎవరికీ తెలియదు.

"ఎక్కడ నొప్పి?" అన్నాను. 

మార్లిస్ నా మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"ఇప్పుడెక్కడా లేదు ఓర్వ్," అంది.

తర్వాత మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, మిగిలిన దుంపలు తరగడం మొదలుపెట్టింది.