చేపల తొట్టికి ముందు అద్దం

వనపర్తిలో మా నాన్నను అద్దాల బాబా అంటారు. ముప్పై ఏళ్లుగా కిటికీలకు, ఫోటోలకు, బట్టల దుకాణాలకు అద్దాలు కోసి బిగిస్తున్నాడు. ఏ అద్దాన్నైనా కోసే ముందు కట్టర్ వెనక భాగంతో ఒక్కటి కొట్టి చూస్తాడు. ఖంగుమంటే మంచిది. మూగగా టక్కుమంటే ఎక్కడో కంటికి ఆనని నెర్రె ఉన్నట్టు. "పలుకుతుంది", "పలుకుతలేదు" అని రెండే మాటలు చెబుతాడు. ఊరు ఆ రెండు మాటలనూ నమ్ముతుంది.

నేను ఆయన కూతుర్ని, సిద్రాను. నాన్నను అబ్బా అని పిలుస్తాను. డిగ్రీ అయిపోయి రెండేళ్లుగా అంగట్లోనే ఉంటున్నాను. కొలతలు రాస్తాను, ఫోన్లు ఎత్తుతాను. ఫోన్లు నేనెందుకు ఎత్తుతానంటే ఆయనకు సరిగా వినబడదు. మా ఇంట్లో ఈ ముక్క ఎవరూ అనకూడదు. కుక్కర్ ఏడు విజిళ్లు వేసినా పక్కనే కూర్చుని, గ్యాస్ అయిపోయిందేమో చూడమంటాడు. ఒకసారి దవాఖానకు పోయి చెవులు చూపిద్దామన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చెవిటోడికి అద్దం పని ఎవరిస్తారన్నది ఆయన భయం. అందులో తప్పేమీ లేదు, నిజంగానే ఎవరూ ఇవ్వరు. అందుకని నలుగురిలో ఆయనతో గట్టిగా మాట్లాడటం కూడా మానేశాను.

ఒక శుక్రవారం పద్మజ మేడం వచ్చింది. వీపనగండ్ల దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలకు హెడ్మిస్ట్రెస్. ఒకటో తరగతి వరండాలో నాలుగడుగుల అక్వేరియం కావాలంది. వచ్చే వారం శనివారం ప్రారంభం, మండల అధికారులు వస్తున్నారు. చేపలు చూడటానికైనా పిల్లలు రోజూ బడికి వస్తారని ఆమె ఆశ.

"టఫెన్డ్ అద్దం పెట్టుండ్రి బాబా భాయ్. పిల్లలుంటరు, గట్టిగుంటది" అంది.

మేడం మనిషి ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి మాట్లాడుతుంది. అలాంటివాళ్ల మాటలు నాన్నకు అందుతాయి.

"వద్దు మేడమ్. అది పగిల్తే ఒక్కపారే మొత్తం రాల్తది. మామూలు అద్దమైతె ముందుగాల నెర్రె వస్తది, నీళ్లు కారుతయ్, మనకు ఎరుకైతది. పిల్లలున్న కాడ చెప్పి పగిలేది ఉండాలె."

ఇలాంటప్పుడు ఆయన్ని చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. ఆ తర్వాత అద్దాలు అతికించే సిలికాన్ సంగతి చెప్పాడు. బాత్రూంలకు పెట్టే రకంలో బూజు మందు ఉంటుంది, చేపలు చస్తాయి. పులుపు వాసన కొట్టే సాదా రకమే తెమ్మన్నాడు. మేడం కృష్ణా నది ఒడ్డు నుంచి సంచెడు గులకరాళ్లు తెచ్చింది. వాటి మీద నేను నిమ్మరసం పిండి, నురగ వచ్చినవి ఏరి పారేశాను. ఆ సున్నం నీళ్లలో కలిస్తే చేపలకు పడదు.

అన్నీ కుదిరాయి, ఒక్క ముందు అద్దం తప్ప. పది ఎం.ఎం. మందంలో అంత పెద్ద ముక్క కొత్త సరుకులో లేదు. హైదరాబాద్ లోడ్ రావడానికి రెండు వారాలు పడుతుంది. అంగడి వెనక ఏడాదిగా గోడకు ఆనించిన పాత అద్దం ఒకటుంది, మూతపడిన బట్టల దుకాణం నుంచి తీసింది. నాన్న దాని దుమ్ము తుడిచి, ముందుకు తెచ్చి, కట్టర్‌తో కొట్టాడు.

టక్కుమంది.

నేను స్పష్టంగా విన్నాను. మేడం చూస్తోంది. ఫోటో ఫ్రేముల కోసం వచ్చిన ఇద్దరు బేరగాళ్లు కూడా చూస్తున్నారు. నాన్న నా వైపు తిరిగాడు. ఇప్పుడు నా మొహంలో ఏమాత్రం తేడా కనిపించినా మేడం ఏమైందని అడుగుతుంది, నలుగురిలో చెవుల సంగతి బయటపడుతుంది. అందుకని నవ్వాను. ఆమె వెళ్లాక నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకున్నాను.

"పలుకుతుంది" అన్నాడు నాన్న, చాలా నమ్మకంగా.

మేడం వెళ్లేసరికి అద్దం కోయడం అయిపోయింది. గీసిన గీతకు చక్కగా తెగింది. నెర్రె ఉంటే ఇంత చక్కగా తెగుతుందా, నేనే సరిగా వినలేదేమో అని సర్దుకున్నాను. పిరికివాళ్లకు సర్దుకోవడం బాగా వస్తుంది. అతికించి ఐదు రోజులు ఆరనిచ్చాం. తర్వాత సగం వరకు నీళ్లు పోసి చూశాం. చుక్క కారలేదు. నాన్న మీసం దువ్వుకున్నాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు. అంగట్లో ఏ చప్పుడైనా ఉలిక్కిపడి తొట్టి వైపు చూస్తూ కూర్చున్నాను. గురువారం దాన్ని ట్రాలీ ఆటోలో బడికి పంపేశాం.

శుక్రవారం పొద్దున పది గంటలకు మేడం ఫోటో పంపింది. తొట్టి నిండా నీళ్లు. ముందు అద్దానికి ముక్కులు ఆనించి ఒకటో తరగతి పిల్లలు వరసగా కూర్చున్నారు. చేపలింకా బకెట్లోనే ఉన్నాయట, ఉత్త నీళ్లనే అంత ముచ్చటగా చూస్తున్నారు. పదకొండు ముక్కులు లెక్కపెట్టాను. రెండు వందల యాభై లీటర్లు, అంటే పావు టన్ను.

ఫోన్ చేశాను. "మేడం, పిల్లల్ని జర అవతల కూసోబెట్టుండ్రి."

"ఎందుకమ్మా?"

"సిలికాన్ వాసన మేడం. కండ్లు మండుతయ్."

ఇక్కడ కూడా నిజం నోటికి రాలేదు. ఫోన్ పెట్టేసి నాన్న ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఒక ఫ్రేముకు మేకులు కొడుతున్నాడు. సుత్తిని చేతిలోంచి లాక్కున్నాను.

"అబ్బా, ఆ ముందు అద్దం పలుకలే. ఆ దినమే ఇన్న. నీకు చెప్పలే. నీకు ఇనవడ్తలేదని అందరికి తెలుస్తదని చెప్పలే."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మేకుల డబ్బా మూత పెట్టాడు.

"రెండేండ్ల సంది ఆ సప్పుడు నాకు ఇనొస్తలేదు బిడ్డా. కొడత, నీ మొఖం చూస్త. బాగలేకుంటె నీ కనుబొమ్మలు ముడుచుకుంటయ్. అద్దం పక్కకు పెడత. ఆ దినం గూడ చూసిన. నువ్వు నవ్వినవ్."

నాకు ఏడుపొచ్చింది. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆయనకు ఉన్న ఒక్క ఆధారాన్ని నేనే అబద్ధం చేశాను. ఏడుస్తూ కూర్చోవడానికి మాత్రం వీల్లేదు, అక్కడ పదకొండు మంది పిల్లలున్నారు. షట్టర్ దించి స్కూటీ తీశాను, నాన్న వెనక ఎక్కాడు. దారిలో ఎన్ని లారీలు హారన్ కొట్టాయో నాన్నకు తెలియదు, నాకు ప్రతి హారనూ అద్దం పగిలిన చప్పుడులాగే వినిపించింది. సంచిలో ఫోన్ రెండుసార్లు మోగింది. బడి నుంచేమోనని బండి ఆపి చూడటానికి కూడా భయమేసింది.

బడికి చేరేసరికి తొట్టి అలాగే ఉంది. పిల్లలు కూడా అలాగే ఉన్నారు. వాసన పోయిందని మేడం మళ్లీ కూర్చోబెట్టిందట. ఒక చిన్నపిల్ల అరచేత్తో అద్దాన్ని తడుతోంది. నాన్న పరుగెత్తి ఆ పిల్లను రెండు చేతులా ఎత్తి ముంగిట్లో దించాడు. నేను మిగతా పిల్లల్ని లేపి బయటికి పంపాను. ఒకరిద్దరు ఏడుపు అందుకున్నారు.

"ఏంది బాబా భాయ్ ఇది? పొద్దుగాలనే నీళ్లు నింపినం. రేపే సార్లు వస్తుండ్రు" అంది మేడం, కోపంగా.

నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నాడు.

"నా చెవులు పోయినయ్ మేడమ్. రెండేండ్లైంది. ఎవ్వరికి చెప్పలే. అద్దం సరిగ చూడకుంటనే మీకిచ్చిన. రేపటికి ఇది గాదు. మల్ల చేసిస్త."

పక్క గదిలోంచి ఇద్దరు టీచర్లు వచ్చి నిలబడ్డారు. వంట చేసే ఈదమ్మ కూడా గరిటెతో వచ్చి చూస్తోంది. ముప్పై ఏళ్ల పేరు, వాళ్లందరి ముందు అంత మామూలుగా పోగొట్టుకున్నాడు. మేడం తనే పోయి పైపు తెచ్చింది.

నీళ్లన్నీ పోయేసరికి గంట పట్టింది. సిలికాన్‌ను బ్లేడుతో కోసి ముందు అద్దాన్ని ఊడదీశాం. రెండు బెంచీల మీద పడుకోబెట్టి, అంచున అంటిన సిలికాన్ గీకి తీశాం. కింది మూలలో, దాని చాటున, అంచు వెంబడే జానెడు పొడవున నెర్రె. వెంట్రుకంత సన్నంగా ఉంది. మేడం దాని మీద వేలు పెట్టి, ముంగిట్లో ఉన్న పిల్లల వైపు చూసింది.

నెర్రె కళ్ల ముందే ఉంది. అయినా నాన్న కట్టర్ తీసుకుని అద్దాన్ని కొట్టాడు. నా మొహం వైపు చూడలేదు. కావాలనే నాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"చెప్పు" అన్నాడు.

"పలుకుతలేదు" అన్నాను.

"ఇనవడలే. గట్టిగ చెప్పు."

టీచర్లు, ఈదమ్మ, గుమ్మంలోకి తిరిగి వచ్చిన పిల్లలు అందరూ నన్నే చూస్తున్నారు. ఊపిరి పీల్చుకుని, బడి బయట రోడ్డు మీదికి వినబడేలా అరిచాను.

"పలుకుతలేదు అబ్బా."

అందరూ విన్నారు. నాన్న కూడా విన్నాడు.