అరువు ముక్కు

ఈగ వాలింది ముక్కు మీద. వంటావిడకు దురద పుట్టింది మాత్రం నుదుటి మీద. నుదురు తుడుచుకుంది. ఈగ కదల్లేదు.

కొత్త ముక్కు వచ్చినప్పటి నుంచి ఇదే తంతు. ఊడిపోయిన ముక్కు స్థానంలో డాక్టరు ఆమె నుదుటి చర్మాన్నే పట్టీలా కోసి, మెలితిప్పి, కిందికి దించి కుట్టాడు. లోపల దన్నుకి చెవిలోంచి మెత్తటి ఎముక తీసి పెట్టాడు. ముక్కుకు ఇంకా సొంతంగా రక్తం పట్టలేదు గనక, కనుబొమల మధ్య నుంచి వేలెడు లావు కాడ ఒకటి వేలాడుతూ దాన్ని పోషిస్తోంది.

"రెండో ఆపరేషన్‌లో కాడ కోసేస్తాం. అందాకా పొయ్యి దగ్గరికి పోకు, ఆవిరి తగలనివ్వకు" అన్నాడు డాక్టరు.

పక్కనే ఉన్న అమ్మగారు బుద్ధిగా తలూపింది. వారం తిరక్కుండానే కబురు పెట్టింది. "ఇంట్లో ఊరికే కూర్చుంటే లేనిపోని ఆలోచనలొస్తాయే. అయినా నీ చేతి వంటైతే గానీ మాకు సయించదు."

ఆపరేషన్ ఖర్చంతా అమ్మగారిదే. అంచేత ముక్కులోనూ ఆవిడకి వాటా ఉన్నట్టే.

"రెండోది కూడా ఆవిడే చేయించాలి. నోరు మూసుకుని పనికి పో. లేదంటే జన్మంతా ఆ తొండంతోనే తిరగాలి" అన్నాడు మొగుడు.

ముక్కు కొరికింది చిన్నబాబు. చిన్నబాబంటే ఆ ఇంటి కుక్క. కుక్క అంటే అమ్మగారు నొచ్చుకుంటుంది. గిన్నెలో అన్నం పెట్టి, పక్కన పడ్డ మెతుకులు తీద్దామని వంటావిడ వంగినప్పుడు ఒక్క ఊపున పట్టేసింది. బయటికి చెప్పే కథ వేరు. వంటావిడ మెట్ల మీద జారిపడింది. చెప్పగా చెప్పగా ఆ మెట్లు తడిసి కూడా ఉన్నాయి.

ఆవేళ అమ్మగారి స్నేహితురాలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పనిమనిషి నాగా పెట్టింది. ముఖానికి గుడ్డ అడ్డం కట్టుకుని వంటావిడే టీ పళ్లెం పట్టుకెళ్లింది. గుడ్డ దాచింది ముక్కునే, కాడని కాదు.

"అయ్యయ్యో, ఏమైంది?" అంది స్నేహితురాలు.

"మెట్ల మీద పడింది. అడుగెక్కడేస్తోందో చూసుకోదు. కూరలో ఉప్పూ అంతే" అని నవ్వింది అమ్మగారు.

ఈలోగా పిల్ల సోఫా దిగింది. చిన్నబాబు తివాచీ మీద బిస్కెట్లు తింటోంది. పిల్ల దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముద్దు పెట్టుకుందామని వంగింది. కుక్క నమలడం ఆపింది. గొంతులో సన్నగా గుర్రుమంది.

ఆ గుర్రు వంటావిడకు తెలుసు.

"పాపా, ఇటు రా!"

"ఏం చెయ్యదులే. పిల్లలంటే వాడికి ప్రాణం" అంది అమ్మగారు. తర్వాత మెల్లగా, "నువ్వు లోపలికెళ్లు. వచ్చే వారం ఆస్పత్రికి తీసుకెళ్లాలి కదా నిన్ను, గుర్తుందా?"

గుర్తుంది. కాడలో నెత్తురు టకటకా కొట్టుకుంటోంది. వంటావిడ పళ్లెం బల్ల మీద పడేసి, ఒక్క అంగలో వెళ్లి పిల్లని చంకనేసుకుంది. ఆ విసురుకి ముఖం మీది గుడ్డ జారిపోయింది.

"మెట్లు కాదండీ. ఇదే కరిచింది. తింటున్నప్పుడు వంగితే నా ముక్కు కొరికేసింది. కుక్కండీ ఇది. కుక్క!"

అమ్మగారు కప్పు కింద పెట్టింది.

చంకలోని పిల్ల చెయ్యి చాచి, ఆ ముక్కు కొసని ఒక్క వేలితో తాకింది.

"నొప్పా ఆంటీ?"

వేలు చల్లగా నుదుటి మీద తగిలింది.