ఎవరి వేలు

టోపీ ఆ వేలిని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. గోరు చూశాడు, గోరు మొదట్లో నెలవంక చూశాడు, కణుపుల మీద ముడతలు చూశాడు. చివరికి తన ఎడమ చేతి పక్కన పెట్టుకుని, “పనితనం అద్భుతం బావా. ఇంతకీ ఇది ఎవరి వేలు?” అన్నాడు.

వేళ్ళ మేస్త్రికి నోరు తడారిపోయింది.

ఆసుపత్రి వెనక మూడో అంతస్తులో ఆ రెండు గదులూ అతనివే. పోయిన వేళ్ళకీ చెవులకీ బదులు కొత్తవి చేసిపెట్టడం అతని పని. మెత్తటి సిలికాన్‌లో రంగు కలిపి, అచ్చులో పోసి, చిన్న ఓవెన్‌లో గట్టిపడనిచ్చి తొడిగితే, చెయ్యి కలిపినవాడు కూడా పోల్చుకోలేడు. చెయ్యి జేబులో దాచుకుని మెట్లెక్కినవాళ్ళు, వెళ్ళేటప్పుడు ఆ చేత్తోనే తలుపు తీసుకునేవాళ్ళు. ఆ తలుపు చప్పుడు వినడం కోసమే అతను రోజూ పనికి వచ్చేవాడని చెప్పినా తప్పులేదు.

అంతటివాడు ప్రాణస్నేహితుడికి మాత్రం ఎవరిదో వేలు చేసిపెట్టాడు. అదీ సాయంత్రం ప్రదర్శన పెట్టుకున్న రోజున.

టోపీ మ్యాజిక్ చేస్తాడు. ఊళ్ళో అందరికీ టోపీ పెట్టి, ఆ టోపీలోంచే పావురాన్ని తీస్తాడు కాబట్టి ఆ పేరు. ఏడాది కిందట స్టేజీ మీది మడత బల్ల మూసుకుపోయి ఎడమ చేతి ఉంగరపు వేలు రెండు కణుపుల దాకా నలిగిపోయింది. అప్పట్నుంచి స్టేజీ ఎక్కలేదు. మ్యాజిక్ అంటే జనం చూపుని మనం పంపిన చోటికి పంపడం. ఆ చూపు వెళ్ళి మొండి వేలి మీద వాలితే ఇంక విద్యేముంది? ఈ సాయంత్రం ఐదింటికి కార్మికుల హాల్లో మళ్ళీ మొదటిసారి నిలబడుతున్నాడు. “జనం నా చెయ్యి చూశారా, రేపు మ్యాజిక్ పెట్టె అటకెక్కిస్తా” అని భార్యకి చెప్పేశాడు. అన్నాడంటే చేసే మనిషి.

టోపీ వాళ్ళది నల్లజాతి. ముత్తాత ఎప్పుడో ఓడలో కూలికి వచ్చినవాడు. మేస్త్రిది చామనచాయ. ఒకే మేడలో పై వాటా వాళ్ళది, కింది వాటా ఇతనిది. టోపీ భార్యని మేస్త్రి చెల్లెమ్మా అని పిలవడం మొదలెట్టాక టోపీ దానంతటదే బావ అయ్యాడు. మొలల బాధ దగ్గర్నుంచి అత్తగారి సాధింపుల దాకా బావలిద్దరూ మాట్లాడుకోని సంగతి లేదు, ఒక్క జాతి మాట తప్ప. ఆ మాట వస్తే చాలు, మేస్త్రికి దాహం వేసేది. టీవీలో అలాంటి వార్త వచ్చినా, వీధిలో ఎవడో టోపీని చూసి గొణిగినా, “ఉండు, మంచినీళ్ళు తాగొస్తా” అని లేచేవాడు. తిరిగొచ్చేసరికి మాట మారిపోయేది. స్నేహితుడి రంగు తనకి కనబడనే కనబడదని మేస్త్రికి లోలోపల గర్వం. రంగు చూడడమే వృత్తిగా ఉన్నవాడికి అదొక్కటీ కనబడకపోవడం వింత కదా అని ఎన్నడూ తోచలేదు.

వేరేవాళ్ళయితే కిటికీ పక్కన కూర్చోబెట్టి, “ఇక్కడ ఎరుపుంది, ఇక్కడ పసుపుంది” అని పైకి చెబుతూ చుక్క చుక్క కలిపేవాడు. టోపీకి మాత్రం అచ్చు తీసుకుని పంపేశాడు. “నీ రంగు నాకు తెలీదా బావా” అన్నాడు. ఎదురుగా కూర్చోబెడితే ఆ మాట పైకి అనాల్సొస్తుంది. అదీ భయం. రంగు కలిపేటప్పుడు కాస్త తగ్గించడమే మర్యాద అనిపించింది, ఫోటో స్టూడియోవాళ్ళు పెళ్ళికూతుర్ని తెల్లబరిచినట్టు.

“అంత తేడా ఉందా?” అన్నాడు ఇప్పుడు, నేల చూస్తూ.

“ఇది పెట్టుకుంటే నా చెయ్యి వేలొకటి అద్దెకి తెచ్చుకుందనుకుంటారు.”

“ఉండు బావా, మంచినీళ్ళు తాగి...”

“కూర్చో. నీకు దాహం లేదు.”

మేస్త్రి సగం లేచినవాడు అలాగే కూలబడ్డాడు. ఆ దాహం సంగతి టోపీకి తెలుసన్నమాట. ఎప్పట్నుంచి తెలుసో.

“ఏ రంగనుకుని కలిపావు?” అన్నాడు టోపీ.

“కాస్త ముదురు తేనె రంగు... లేకపోతే కాఫీ...”

“నన్ను తాగే వస్తువులతో పోల్చకు బావా. నల్ల అను. నోరేం పడిపోదు.”

“నల్ల,” అన్నాడు మేస్త్రి, నోట్లోనే గొణుగుతూ.

“వినబడలేదు.”

“నల్ల. నువ్వు నల్లగా ఉంటావు.”

టోపీ కళ్ళు పెద్దవి చేశాడు. “ఛ. ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదే.”

ముందు ఎవరు నవ్వారో గానీ, గచ్చు మీద స్టూలు కదిలేంత నవ్వు నవ్వారు. నవ్వుతూనే మేస్త్రి గోడ గడియారం చూశాడు. పదిన్నర. అచ్చు ఉంది. రంగు కలపడానికి ఓ గంటన్నర, ఓవెన్‌లో రెండు గంటలు, గోరు అతికించి సానపట్టడానికి ఇంకో గంట. ఎక్కడా చెయ్యి జారకపోతే అందుకోవచ్చు. ఒక్కసారిగా ఒంట్లోకి పాతికేళ్ళ కుర్రతనం వచ్చినట్టయింది. చొక్కా చేతులు మడిచాడు, టోపీ స్టూలుని కిటికీ కిందకి లాగాడు, అతని చెయ్యి పట్టుకుని వెలుతురులో పరిచాడు.

చూశాడు. మొదటిసారి చూసినట్టే చూశాడు.

“అబ్బ, ఇందులో నీలం ఉంది బావా.”

“నీలమా?”

“కణుపుల మీద చూడు. కింద ఎరుపు, పైన నీలం. ఉత్త నల్లరంగు వేస్తే చచ్చిన వేలవుతుంది. అరచేతి వైపు చూడు, వేరే లోకం. ఈ గీతల్లో మళ్ళీ ముదురు. పని పెట్టావు కదయ్యా.”

“నేనేం పెట్టలేదు. మా ముత్తాత పెట్టాడు.”

గాజుపలక మీద మేస్త్రి చుక్కలు వేసి కలుపుతున్నాడు. ఆ చేతులు ఆడుతున్నంత వేగంగా మాటలూ ఆడాయి. ఇన్నేళ్ళుగా ఆపుకున్నవాటికి ఇప్పుడు ఆనకట్ట తెగింది.

“బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంటుంది, తెలుసా?” అన్నాడు టోపీ.

“నిజమా?”

“నిలబడైనా వస్తారు గానీ కూర్చోరు. మొదట్లో కడుపు మండేది. ఇప్పుడు కాళ్ళు చాపుకుంటా. కొట్లో కాపలావాడు వెనకాలే తిరుగుతాడు. వాణ్ణే బుట్ట పట్టుకోమంటా.”

మేస్త్రి నవ్వబోయి ఆగాడు. “మొన్న హాలు మాట్లాడడానికి వెళ్ళినప్పుడు...”

“ఊఁ.”

“మేనేజరు అంతసేపూ నాతోనే మాట్లాడాడు. ప్రదర్శన నీది. నీ వంక చూడలేదు.”

“నువ్వు చూశావా అది?”

“చూశాను.”

“చూశావని తెలుసు. ఆ కాసేపూ నీ చెప్పుల వంకే చూసుకున్నావు. చెప్పులు అంత బాగున్నాయా అని నేనూ చూశా.” టోపీ గొంతులో ఎకసెక్కం కాస్త తగ్గింది. “వాడి సంగతి నాకలవాటే బావా. పక్కన నువ్వుండి కూడా నేనొక్కణ్ణే చూడాల్సొచ్చింది, అదీ బాధ. బయటికొచ్చాక ‘వాడొట్టి వెధవ’ అని నువ్వొక్క మాటంటే, ఇద్దరం వాణ్ణి తిట్టుకుంటూ ఇంటికి పోయేవాళ్ళం.”

మేస్త్రి కలుపుతున్న పుల్ల పక్కన పెట్టాడు. “వాడొట్టి వెధవ,” అన్నాడు.

“ఆలస్యమైనా రుచి తగ్గలేదు,” అన్నాడు టోపీ. “సరే, నాదొకటి అడుగుతా. మీ ఇంట్లో నన్నేమనేవాళ్ళు? నిజం చెప్పు.”

“మా అమ్మ ‘ఆ నల్లబ్బాయి’ అనేది. తర్వాత ‘మన నల్లబ్బాయి’ అనేది.”

“ఆ ‘మన’ ఎప్పుడు చేరింది?”

“నువ్వు ఆవిడ చెవిలోంచి రూపాయి తీసిన రోజు. పోయేదాకా ఆ చెవి తడుముకునేది, ఇంకోటుందేమోనని.”

టోపీ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. పొద్దుట్నుంచీ తచ్చాడుతున్న మబ్బు అప్పుడే పక్కకి తప్పుకుని, చేతి మీద మంచి వెలుతురు పడింది. మేస్త్రి మనసులోనే మబ్బుకి దణ్ణం పెట్టుకున్నాడు.

కలిపిన రంగుని ముందు తన చేతి వెనకాల రాసి చూసుకోవడం మేస్త్రికి అలవాటు. ఇప్పుడు ఆ చామనచాయ చేతి మీద నల్లటి చుక్కలు వరసగా తేలాయి. టోపీ ఆ చేతి వంకా, బల్ల మీదున్న మొదటి వేలి వంకా మార్చి మార్చి చూశాడు. ఆ వేలు తీసి జేబులో వేసుకున్నాడు.

“అది పారేసేదే కదా,” అన్నాడు మేస్త్రి.

“ఉండనీ.”

వేలు ఓవెన్‌లో ఉండగా టోపీ భార్య కోటు భుజాన వేసుకుని ఆయాసపడుతూ వచ్చింది. ఆవిడ దర్జీ. మ్యాజిక్ కోటుకి లోపలి జేబులన్నీ ఆవిడ కుట్టినవే. సంగతంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“నల్లదారం కావాలంటే కొట్లో నల్లదారం ఇమ్మనే అడుగుతా అన్నయ్యా. కొట్టువాడేం మంచినీళ్ళకి లేచిపోడు.”

“నీకూ తెలుసా చెల్లెమ్మా?”

“మీ దాహం మేడంతా ఎరుగును. అది సరే గానీ, ఓవెన్ ఎంతసేపు? ఈయన పెదాలు కొరుక్కుంటున్నాడు. పది పెదాలున్నట్టు.”

మూడు కాకముందే అచ్చు విప్పారు. మేస్త్రి గోరు అతికించాడు, అంచులు సానపట్టాడు, మొండి వేలికి తొడిగి కొద్దిగా నొక్కాడు. గాలి పోయి గట్టిగా పట్టుకుంది. టోపీ అయిదు వేళ్ళూ విప్పి, ముడిచి, మళ్ళీ విప్పాడు. ముగ్గురూ వంగి చూశారు. అదొక చెయ్యి, అంతే.

“పదండి, బస్సు పోతుంది,” అంది చెల్లెమ్మ.

హాలు నిండిపోయింది. మేస్త్రి రెండో వరసలో కూర్చుని మొదటి పావుగంటా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. టోపీ పేకముక్కలు విసనకర్రలా విప్పినప్పుడు జనం ముక్కలు చూశారు. నాణెం మాయమైనప్పుడు ఖాళీ గుప్పిట చూశారు. పావురం ఎగిరితే పావురాన్ని చూశారు. వేలిని చూసినవాడు హాలు మొత్తంలో మేస్త్రి ఒక్కడే. ముందు వరసలో మేనేజరు పిల్లాడిలా నోరు తెరుచుకుని ఉన్నాడు. మేస్త్రి ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. గెలిచాడు బావ. ఇంక ఫరవాలేదు.

అప్పుడు టోపీ మెట్లు దిగి వచ్చి, మేనేజరు కోటు జేబులోంచి ఒక వేలు బయటికి తీశాడు.

హాలంతా కెవ్వుమంది. టోపీ దాన్ని దీపం కింద ఎత్తి పట్టుకున్నాడు. “ఎవరో పారేసుకున్నారు. పాపం, వెతుక్కుంటూ ఉంటారు. ఎవరిదండీ ఇది?” అని మేనేజరు చేతి పక్కన పెట్టి చూశాడు. “మీది కాదు. మీరు మరీ తెలుపు, ఉతికి ఆరేసినట్టున్నారు.” మేనేజరే అందరికంటే గట్టిగా నవ్వాడు. టోపీ వరసలెంట నడిచాడు. “మీదేమో అమ్మా? కాదు, మీరు గోధుమరంగు. మీరు? మీరు నా పార్టీ, నల్లబంగారం.” ఇంక జనం ఆగలేదు. తమంతట తామే చేతులు చాచి చూపించుకోవడం, పక్కవాడి చేతితో పోల్చుకోవడం, “నీకంటే నేనే నలుపు”, “మా ఆవిణ్ణి చూడండి, ఆవిడైతే సరిపోతుంది” అని కేకలు. ఇళ్ళల్లో గుసగుసగా అనుకునేదంతా దీపాల కింద బాహాటంగా అనుకుంటూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

టోపీ చివరికి రెండో వరసకి వచ్చాడు. మేస్త్రి చెయ్యి పట్టుకుని పైకెత్తి, వేలిని దాని పక్కన పెట్టాడు.

మేస్త్రి చూశాడు. రంగు చూడడం తెలిసినవాడు కాబట్టి హాల్లో అందరికంటే ముందు అతనికే తెలిసింది. వెంట్రుకవాసి తేడా లేదు. చర్మం కింది పసుపు కూడా అదే. స్నేహితుడి వంక చూడకుండా, తన చేతి మీద రాసి చూసుకుంటూ, ఏది సరిపోతే అదే మర్యాద అనుకుని కలిపిన రంగు. ఎవరి వేలని పొద్దున అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు అందరి ముందూ దొరికింది. పేకముక్క ఎప్పుడూ టోపీ అనుకున్న చోటే దొరుకుతుంది.

“ఆసామీ దొరికాడు,” అన్నాడు టోపీ. తర్వాత కొంచెం ఆగి, అడుగు వెనక్కి వేసి, తన ఎడమ చెయ్యి ఎత్తి, కుడిచేత్తో ఉంగరపు వేలు ఊడదీసి చూపించాడు. “నాది ఇది. చేసింది ఈయనే. రెండోసారికి సరిగ్గా చేశాడు.”

హాల్లో లేచిన చప్పట్లకి పావురం భయపడి దూలం ఎక్కి కూర్చుంది. మేస్త్రి అరచేతులు మండేదాకా కొడుతూనే ఉన్నాడు.

ప్రదర్శన అయ్యాక మేనేజరు పరుగున తెర వెనక్కి వచ్చి, అలవాటు కొద్దీ మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. “వచ్చే శనివారం కూడా ఖాయం చేసుకుందామండీ.”

మేస్త్రి చెప్పుల వంక చూసుకోలేదు. “ప్రదర్శన నాది కాదండి. మొన్నా కాదు. ఆయన అక్కడున్నారు, ఆయన్నడగండి,” అన్నాడు.

మేనేజరు ఎర్రబడి టోపీ వైపు తిరిగాడు. టోపీ పావురాన్ని దింపే పనిలో ఉండి, మేనేజరుని కాసేపు నిలబెట్టే మాట్లాడాడు. అతను వెళ్ళాక గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి మేస్త్రికిచ్చాడు.

“ఈసారి నిజం దాహమేనా?”

“నిజమే,” అని మేస్త్రి గటగటా తాగి, గ్లాసు పక్కన పెట్టి, పావురం పెట్టె మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. “ఆ బస్సులో సీటు సంగతి పూర్తిగా చెప్పలేదు.”

“చెప్పడమెందుకు, ఇప్పుడు ఎక్కుతాం కదా. ఈసారి నాకు దూరంగా వేరే సీట్లో కూర్చుని చూడు.”

“చూస్తా,” అన్నాడు మేస్త్రి. “చూసి, తర్వాత నీ పక్కన కూర్చుంటా.”

“కూర్చుంటే కూర్చో గానీ,” అన్నాడు టోపీ, వేలు తొడుక్కుంటూ, “నా కాళ్ళు చాపుకునే చోటు పోతుంది.”