మెట్ల కింద లై ఫుక్

కంపు కొట్టేది మా గుమ్మాల ముందు వద్దని హాంకాంగ్ రేవు వీధి దుకాణదారులు గోల పెట్టారు. సరేనని దొరలు మరుగుదొడ్డిని నేల కిందే కట్టబోయారు. అదేమో సముద్రాన్ని పూడ్చి తెచ్చుకున్న నేల. రెండు నిలువులు తవ్వేసరికి ఉప్పునీరు ఊరింది. పంపులున్నాయి కదా అనుకుని, పని చూసే దొర తన క్యాలెండరు చూసి గోడ పనిని సోమవారానికి పెట్టాడు.

ఆ సోమవారం అమావాస్య. అమావాస్య పోటుకు గోతిలో దిగకూడదని మట్టి మోసే ప్రతి హక్కా జాతి ఆడదానికీ తెలుసు. దొర వాళ్లను అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

మధ్యాహ్నం సముద్రం పోటెక్కి గోయి కూలింది. ఆ మట్టి మోసేవాళ్లలో ఒకతె, సాంమోయ్, తట్ట దించి చూసేసరికి, గోతిలో మొగుడు లై ఫుక్ ఉన్నచోట బురద తప్ప ఏమీ లేదు.

మూడోరోజు ఆమె మేస్త్రీ దగ్గరికి వెళ్లింది.

"ఇంకాస్త తవ్వించయ్యా. శవం దొరికితే పాతిపెట్టి, ఏడేళ్లకి ఎముకలు తీసి, కడిగి, జాడీలో పెట్టాలి. లేకపోతే ఆయన్ని వాళ్ల నాన్న పక్కన ఎలా చేర్చను?"

"ఇంకో మూర తవ్వితే బియ్యం కొట్టు గోడ మన నెత్తిన పడుద్దమ్మా. సున్నం పోసి మూసెయ్యమన్నాడు దొర. మోయడానికి వస్తావా, వేరే మనిషిని చూసుకోనా?"

ఆమె పనిలోకి వెళ్లింది. సున్నం మోసింది, కంకర మోసింది. ఏడుపు రాలేదు. భుజం ఒరుసుకుపోయినా నొప్పి తెలియలేదు. ఏదో అనిపించాలని తెలుసు గానీ ఏమీ అనిపించలేదు.

సమాధులు ఊడ్చే పండగ వచ్చేసరికి తెల్ల పలకలు, ఇనుప కటకటాలు, కిందికి మెట్లు, అన్నీ అమరాయి. సాంమోయ్ అగరొత్తులు, ఉడకబెట్టిన గుడ్డు పట్టుకుని వచ్చింది. కాపలా ఉన్న మాక్ అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికక్కా? ఇది మగాళ్లది."

"మా ఆయన్ని చూడాలి."

"లోపలున్నాడా? పేరు చెప్పు, కేకేస్తా."

"లై ఫుక్."

మాక్ మెట్లమీదికి వంగాడు. "ఓయ్ లై ఫుక్! మీ ఆవిడ వచ్చింది, తొందరగా కానియ్!"

కింద ఎవరో నవ్వారు. మాక్ కాసేపు చూశాడు.

"పలకట్లేదక్కా."

గోయి కూలినప్పటి నుంచి ఆ పేరు ఎవరూ పైకి అనలేదు. సాంమోయ్ కటకటాల పక్కన కూర్చుని గుడ్డు పెంకు తీసింది. దాన్ని మెట్టు అంచున పెట్టింది.

"ఇంకోసారి పిలువు తమ్ముడూ," అంది.