మహేందర్ మూసిన సర్వర్

"ఇగ సూడుండ్రి మేడం, నేను మూసినంక దొంగోడు తప్ప అందరు లోపలికి పోతరు," అని మహేందర్ శనివారం సాయంత్రం ప్రిన్సిపాల్ స్వర్ణకు మాటిచ్చాడు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు చూస్తే లెక్క తిరగబడింది. మిర్యాలగూడలోని ఆ నర్సింగు కాలేజీలో పరీక్ష రాయాల్సిన ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికీ కంప్యూటర్ తెరుచుకోలేదు. దొంగ ఒక్కడే లోపల ఉన్నాడు. సర్వర్ ముందు కూర్చుని చెమట తుడుచుకుంటున్న మహేందరే ఆ దొంగ.

కాలేజీలో అందరి పేర్లు, ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు ఆ సర్వర్‌లో ఉంటాయి. ఇన్నాళ్లూ అది "నువ్వెవరు?" అని అడిగిన పాపాన పోలేదు. అడిగిన ప్రతివాడికీ అన్నీ చెప్పేది. ఆ వీలు చూసుకునే మహేందర్ పోయిన బుధవారం సిబ్బంది అసలు వయసులు తీసి ఎవరూ చూడకుండా నోటీసు బోర్డుకు అంటించాడు. పదకొండేళ్లుగా నలభై రెండు దగ్గరే ఆగిన స్వర్ణ మేడంకు యాభై మూడని తెలిసి, ఊళ్లో రైసుమిల్లులన్నీ ఒక పూట ఆగిపోయాయి. ఆ కన్నం మూసే పని, కంప్యూటర్లు చూసుకునేవాడు కాబట్టి, శుక్రవారం మహేందర్ నెత్తినే పడింది. తామెవరో చెప్పనివాళ్లకు ఏదీ చెప్పకుండా సర్వర్ నోరు కట్టేశాడు.

పదకొండు లోపు లాగిన్ కాకపోతే పరీక్షకు రానట్టే లెక్క. మహేందర్ అందరి పాస్‌వర్డులూ మార్చి కొత్తవి పంచాడు. వైర్లు పీకి పెట్టాడు. సర్వర్‌ను ఎనిమిదిసార్లు ఆపి మళ్లీ వేశాడు. తొమ్మిదోసారికి అదే లేచి దండం పెట్టేటట్టుంది.

"అన్నా, నాకిదే ఆఖరి ఛాన్స్. గీసారి పోతే మూడేండ్ల సదువు ఖతం," తలుపు దగ్గర నిలబడి అంది పరీక్ష రాయాల్సిన భాగ్యశ్రీ.

"అయితదమ్మా, జర ఆగు," అన్నాడు. ఎట్లా అవుతుందో వాడికే తెలియదు.

పది ఇరవైకి, ఆ సర్వర్ పెట్టిన కోదాడ ఇంజినీరు ప్రేమ్‌కుమార్ ఫోన్‌లో దొరికాడు. మేడం పక్కనే నిలబడి స్పీకర్ పెట్టించింది.

"లాగ్ తెరువు బాబూ. ఎవరు ఏమడిగారో, సర్వర్ ఏం చెప్పిందో అంతా అందులో రాసి ఉంటుంది."

మహేందర్ మౌస్ వదిలేశాడు. బుధవారం తాను అడిగినవీ అందులోనే ఉన్నాయి, తన కంప్యూటర్ నంబరుతో సహా.

"లాగ్ గీగ్ ఏం లేదు సార్. వేరే ఏమన్న చెప్పుండ్రి."

"నాడి చూడకుండా మందు రాసివ్వమంటావా? అది లేకుండా ఎలా ఉంటుందయ్యా!"

"తెరువు మహేందర్," అంది మేడం. "పిల్లలు ఏడుస్తున్నరు."

నిజమే. ఒకరి ఏడుపు ఇంకొకరికి అంటుకుంటోంది. మహేందర్ లాగ్ తెరిచాడు.

చివరి వరసలన్నీ ఒకటే పాట. ల్యాబు కంప్యూటర్ అడుగుతోంది, సర్వర్ పొమ్మంటోంది. మహేందర్ అదే ఫోన్‌లో చదివి వినిపించాడు.

"అదీ సంగతి," అన్నాడు ప్రేమ్‌కుమార్. "పాస్‌వర్డ్ చూసే ముందు, ఈ పేరుతో ఎవరైనా ఉన్నారా అని ల్యాబు కంప్యూటర్లు సర్వర్‌ను అడుగుతాయి. అవీ తామెవరో చెప్పకుండానే అడుగుతాయి. దొంగతో పాటు వాటి నోరూ మూసేశావు నువ్వు. వాటికంటూ ఒక పేరు, పాస్‌వర్డ్ ఇవ్వు. పేర్లు వెతికే వరకే, పుట్టిన తేదీలు చూడనివ్వకు."

ఆ ఖాతా తెరిచి, ల్యాబులో అన్నిటికీ పంపేసరికి పది నలభై తొమ్మిది. "ఓపెనైంది!" అని ల్యాబులోంచి భాగ్యశ్రీ పెట్టిన కేక సూర్యాపేట దాకా వినపడింది.

మహేందర్ లాగ్ మూయబోయాడు. అప్పటికే మేడం వేలు తెర మీద పైకి పాకుతోంది.

"బుధవారం పొద్దుగాల ఏడున్నర. సిబ్బంది అందరి పుట్టిన తేదీలు అడిగిన్రు. గీ నంబర్ ఏ కంప్యూటర్‌ది?"

గుమస్తా బీరప్పదని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. బీరప్ప వరండాలో ఏడ్చి అలిసిన పిల్లలకు మంచినీళ్లు ఇస్తున్నాడు.

"నాదే మేడం," అన్నాడు మహేందర్. "తీసింది నేనే, అంటిచ్చింది నేనే. మీరు నన్నే మూయమన్నంక మూడు దినాలు బువ్వ దిగలే. మీ వయసు కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టింది గూడ నేనే."